అడిగితే కదా: రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో కోల్‌బెల్ట్ మహిళలు

(గోదావరిఖనిలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)

స్మారకోపన్యాసం అన్నాక ముందు నివాళి. డాక్టరమ్మ పేరు బ్యానరు మీద ఉంది, రేపు ఈ ఉపన్యాసం అచ్చయ్యే పుస్తకం అట్ట మీదా ఉంటుంది. ఆమె డిగ్రీలు, చేసిన కాన్పులు కార్యదర్శిగారు ఇందాకే చదివారు. ఈ వక్తకు గుర్తున్నది మాత్రం వేరు. రొమ్ములో గడ్డ ఉందని వచ్చిన ఆడమనిషి వెంట భర్త కూడా లోపలికొచ్చి "దీనికేమైందంటే మేడమ్" అని మొదలుపెడితే, ఆమె తలెత్తకుండా "నొప్పి నీకా?" అనేది. అతను బయటికి పోయేదాకా పెన్ను పట్టేది కాదు. సర్వే కాగితాలు పట్టుకొచ్చే వాళ్లంటే కూడా ఆమెకు చిరాకే. ఈ వక్త మీద ఆ చిరాకు చాలాసార్లు పడింది. అందులో న్యాయం ఉందని చెప్పడానికే ఈ గౌరవాన్ని ఒప్పుకున్నాడు.

ఈ జబ్బు గురించి తెలిసిన సంగతులు తొందరగా ముగిద్దాం. 2020లో ప్రపంచవ్యాప్తంగా కొత్త కేసుల్లో రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను దాటింది. ఆ ఏడాది సుమారు 23 లక్షల కేసులు నమోదైతే అందులో భారతదేశానివి లక్షా 78 వేలు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటులో దేశం మొత్తానికి పైన నిలిచింది హైదరాబాద్ జిల్లా. అక్కడ లక్ష మంది మహిళలకు 48 కేసులు. మరి మన గోదావరిఖని ఉన్న పెద్దపల్లి జిల్లా? ఆ నివేదికకు ఆధారమైన 28 జనాభా రిజిస్ట్రీల్లో తెలంగాణ నుంచి ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. ఇక్కడ జబ్బు తక్కువో ఎక్కువో ఆ నివేదిక చూసి ఎవరూ చెప్పలేరు.

కరోనా వచ్చాక ఈ లెక్కకెక్కని సంగతి ఇంకా తేటపడింది. 2020 మార్చి నుంచి మే వరకు దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్కలను అంతకు ముందేడాది లెక్కలతో పోల్చిన అధ్యయనం 2021లో 'లాన్సెట్ ఆంకాలజీ'లో వచ్చింది. కొత్త రోగుల నమోదు 54 శాతం పడిపోయింది. పెద్ద ఆపరేషన్లు దాదాపు సగమయ్యాయి. విలువైన అధ్యయనమే, కానీ అది లెక్కపెట్టింది ఆసుపత్రి గడప దాటినవాళ్లను. ఆ రోజుల్లో ఇక్కడ ఓపెన్‌కాస్టులో బొగ్గు ఆగలేదు, ఎన్‌టీపీసీకి పోయే రైలూ ఆగలేదు. ఆగింది ప్యాసింజర్ రైలు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోయే మనిషికి దారి లేకుండా పోయింది. ఎయిటింక్లైన్ కాలనీలో ఈ వక్త చూసిన ఒక ఫైలులో కీమో తేదీలు ఇరవయ్యొక్క రోజులకోసారి వరుసగా ఉన్నాయి. మూడోదానికీ నాలుగోదానికీ నడుమ మాత్రం రెండు నెలలకు పైగా ఖాళీ. పక్కన పెన్సిల్‌తో "బండి దొరకలే" అని రాసి ఉంది. ఏ పరిశోధన పట్టికలోనూ ఆ మాటకు గడి లేదు.

ఇప్పుడు అసలు తగవు. "మన ఆడవాళ్లు సిగ్గుపడతారండీ, పిలిచినా రారు" అన్న మాట ఈ వక్త ఎన్ని సదస్సుల్లో విన్నాడో! విన్న ప్రతిసారీ లేచి కాదన్నాడు. ఇవాళ మైకు అతని చేతిలోనే ఉంది.

ఇదే మాట అమెరికాలో నల్లజాతి స్త్రీల గురించీ చెప్పారు. టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి మగవాళ్ల సిఫిలిస్‌కు మందివ్వకుండా గమనిస్తూ కూర్చున్న ఘోరం వల్ల వాళ్లకు పరిశోధన అంటేనే నమ్మకం పోయిందని, అందుకే క్లినికల్ ట్రయల్స్‌కు రారని వాదన. అపనమ్మకం ఉంది, అది న్యాయమైనదే. రారన్నది మాత్రం నిలవలేదు. 2006లో వెండ్లర్ బృందం 20 అధ్యయనాల్లోని 70 వేలకు పైగా మందిని పరిశీలిస్తే, ఒప్పుకోవడంలో జాతుల మధ్య తేడా నామమాత్రం. ఉంగర్ బృందం క్యాన్సర్ ట్రయల్స్‌నే తీసుకుని చూసింది: చేరతారా అని అడిగినప్పుడు తెల్లవాళ్లలో 55 శాతం, నల్లవాళ్లలో 58 శాతం సరే అన్నారు. లోపం అడగకపోవడంలో ఉంది. నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ తెల్లవారికంటే కాస్త తక్కువగానే వస్తుంది, మరణాలు మాత్రం సుమారు 40 శాతం ఎక్కువ. ఆ తేడా ఎందుకో తేల్చాలంటే వాళ్లనే అడగాలని బోస్టన్‌లో 1995లో 59 వేల మందితో ప్రత్యేక అధ్యయనమే మొదలుపెట్టారు.

"అది అమెరికా" అంటారా? ముంబయికి రండి. అక్కడ 1998లో మొదలైన ట్రయల్‌లో లక్షన్నర మంది స్త్రీలున్నారు. అందులో సగం వాడలకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, చేత్తో రొమ్ము పరీక్ష చేశారు, రెండేళ్లకోసారి, నాలుగు విడతలు. జబ్బు ముందు దశలోనే బయటపడింది. యాభై దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకు చిన్నవాళ్లలో తగ్గలేదు, అదీ చెప్పాలి. సిగ్గే అడ్డయితే ఆ ట్రయల్ నాలుగు విడతలు నడిచేదా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 30–49 ఏళ్ల స్త్రీలలో రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి ఒకరు కూడా తేలలేదు. ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని 2016 నుంచే ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి. చేయాల్సిన పని చేయకుండా నింద సిగ్గు మీదికి నెట్టడం బాగానే కుదిరింది!

ఇంటింటికీ పోవడం మనకు రాదనీ అనలేరు. 2021 మేలో, 2022 జనవరిలో ఆశా కార్యకర్తలు రాష్ట్రమంతా గుమ్మం గుమ్మానికీ వెళ్లి జ్వరం ఉందా అని అడిగారు. అదే గుమ్మంలో గడ్డ గురించి ఇంకొక్క ప్రశ్న పట్టేది.

బొగ్గు బాయికి పోయే మనిషిని చట్టం మరిచిపోలేదు. 1955 గనుల నిబంధనల ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష (పి.ఎం.ఇ.) తప్పదు, ఛాతీ ఎక్స్‌రే తప్పదు. బాయిలో పనిచేసే ఆడవాళ్లకూ అది వర్తిస్తుంది. బాయికి పోయే మగవాడి భార్య అదే దుమ్ములో ముప్పై ఏళ్లు బట్టలుతికినా ఆ నిబంధన ఆమె దాకా రాదు. దుమ్ముకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉందని ఈ వక్త అనడం లేదు. అయితే గాలిలోని సన్నని ధూళి ఎక్కువున్నచోట ఈ జబ్బు కొంత ఎక్కువని 2023లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ఇక్కడ చూసినవారెవరని మాత్రమే ప్రశ్న.

అందుకే ఈ వక్త ఇప్పుడు కాలనీల్లో తిరుగుతూ 2020, 2021లో చికిత్స నడిచిన స్త్రీల మాటలను వాళ్ల నోటే రికార్డు చేస్తున్నాడు. పేర్లు, ఇంటి నంబర్లు రాసుకోవడం లేదు. తేదీలు, దూరాలు, ఎవరు తోడొచ్చారు, బండికి ఎంతయింది, ఏ నెల మందు తప్పింది అన్నవే రాస్తున్నాడు. 2022లో రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి కుర్రడాక్టర్లకు ఈ పని అప్పగించాలని అతని కోరిక. సభలో ఉన్న అక్కలకు, అమ్మలకు మనవి: ఆ రెండేళ్ల డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు, టికెట్లు ఇంట్లో ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. తెచ్చి చూపండి, ఫొటో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.