పావురం ఇంటి దారి: గాలి గీసే మ్యాప్

"పావురం ముక్కులో అయస్కాంతం ఉంటుంది, అందుకే ఎక్కడ వదిలినా ఇంటికి వచ్చేస్తుంది" అనే మాట మీరు ఏదో ఒక రీల్‌లో వినే ఉంటారు. ఈ రోజు అది ఎంతవరకు నిజమో చూద్దాం. మేడ మీద పావురాలు పెంచేవాళ్ళు మాత్రం చివరిదాకా ఉండండి. మీ గూడు ఎలా కట్టారు అన్నదానికీ, మీ పిట్ట తిరిగి రావడానికీ సంబంధం ఉంది.

ముందు మన పక్కన జరిగిన కథ చెప్తాను. కోరాపుట్ ప్రాంతం 1936 దాకా మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది, తర్వాత ఒడిశాలో కలిసింది. 1946లో ఒడిశా పోలీసులు సైన్యం దగ్గర పావురాలు తీసుకుని, వార్తలు పంపడం మొదలుపెట్టింది ఆ కోరాపుట్‌లోనే. కొండ ప్రాంతం, కబురు చేరడమే కష్టం కదా. 1948 ఏప్రిల్‌లో నెహ్రూ గారు సంబల్‌పూర్ నుంచి కటక్‌కి పంపిన సందేశం కూడా పావురమే మోసుకెళ్ళింది. 1999 సూపర్ సైక్లోన్ వచ్చి లైన్లన్నీ తెగిపోయినప్పుడు కూడా ఈ పిట్టలే ఆదుకున్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సినిమాల్లో చూపించినట్టు పావురం మనం చెప్పిన అడ్రస్‌కి వెళ్ళదు. దానికి తెలిసిన అడ్రస్ ఒక్కటే, పెరిగిన గూడు. సంబల్‌పూర్ నుంచి కటక్‌కి వార్త రావాలంటే, కటక్‌లో పెరిగిన పావురాన్ని ముందే బుట్టలో పెట్టి సంబల్‌పూర్ తీసుకెళ్ళాలి. బుట్టలో కూర్చుని వచ్చిన పిట్టకి ఇల్లు ఎటు ఉందో ఎలా తెలిసింది?

1953లో గుస్తావ్ క్రామర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ ప్రశ్నని రెండుగా విడగొట్టాడు. ఒకటి కంపాస్, రెండోది మ్యాప్. కంపాస్ సంగతి చాలావరకు తేలిపోయింది. పావురం సూర్యుణ్ణి చూసి, తన ఒంట్లో ఉన్న గడియారంతో లెక్క కట్టుకుని దిక్కు తెలుసుకుంటుంది. మబ్బు పడితే భూమి అయస్కాంత శక్తి సాయం తీసుకుంటుంది. కానీ ఉత్తరం ఎటో తెలిసినంత మాత్రాన సరిపోదు కదండీ. మీ ఫోన్‌లో కంపాస్ ఉంది, జీపీఎస్ లేదు అనుకోండి. నేను ఎక్కడున్నానో తెలియకపోతే ఇల్లు ఎటో ఏం తెలుస్తుంది?

1972లో ఇటలీలోని పీసా యూనివర్సిటీలో ఫ్లోరియానో పాపీ, ఆయన బృందం ఒక విచిత్రమైన ఫలితం ప్రకటించారు. వాసన పట్టలేని పావురాలు తెలియని చోటు నుంచి ఇంటికి రాలేకపోతున్నాయి అని. దాని వెనక ఆయన చెప్పిన కారణం ఇది: పిల్ల పావురం గూట్లో కూర్చుని, ఏ దిక్కు గాలిలో ఏ వాసన వస్తుందో నేర్చుకుంటుంది.

మన అనకాపల్లిలోనే ఒక మేడ మీద గూడు ఉందనుకుందాం. దక్షిణం గాలి వీస్తే పూడిమడక వైపు నుంచి సముద్రం వాసన. బెల్లం వండే రోజుల్లో ఉత్తరం గాలి వీస్తే చోడవరం వైపు నుంచి పాకం వాసన. పడమటి గాలికి నర్సీపట్నం అవతలి అడవి వాసన. ఇప్పుడు ఈ పిట్టని తెలియని చోట వదిలాం. అక్కడ పాకం వాసన గుప్పుమంది. "ఇది ఉత్తరం గాలిలో వచ్చే వాసన. అంటే నేను ఇంటికి ఉత్తరాన ఉన్నాను. దక్షిణానికి పోవాలి." అంతే లెక్క! ఇక సూర్యుణ్ణి చూసి దక్షిణం పట్టుకోవడమే.

ఇది అర్థమవడానికి చెప్పిన ఉదాహరణ. నిజంగా ఒక్క వాసన ఉండదు, చెట్లు, నేల, సముద్రం వదిలే ఎన్నో రసాయనాల మిశ్రమం, చోటుని బట్టి మారే పాళ్ళు ఉంటాయి.

మరి రుజువు? పీసా వాళ్ళే గూడు దగ్గర ఫ్యాన్ పెట్టి, ఒక దిక్కు నుంచి మాత్రమే బాదం వాసనొచ్చే బెంజాల్డిహైడ్ కలిపిన గాలి వదిలారు. తర్వాత ఆ పావురాలని వేరే చోటికి తీసుకెళ్ళి, అదే వాసన చూపించి వదిలితే, అవి ఆ దిక్కుకి సరిగ్గా వ్యతిరేకంగా ఎగిరాయి. ఇల్లు నిజంగా ఎటున్నా సరే! ఈ ఫలితం 1990లో వచ్చింది.

ఇప్పుడు అయస్కాంతం సంగతి. తెలుగులో మనకి ఒక చిక్కు ఉంది, పొడిచే ముక్కూ ముక్కే, వాసన చూసే ముక్కూ ముక్కే. రీల్ చెప్పేది మొదటి దాని గురించి. 2006లో అన్నా గాల్యార్డో బృందం కొన్ని పావురాలకి అయస్కాంత సమాచారం మోస్తుందన్న నరాన్ని, కొన్నింటికి వాసన నరాన్ని కత్తిరించి వదిలారు. మొదటి గుంపు 24లో ఒక్కటి తప్ప అన్నీ ఒక రోజులో ఇల్లు చేరాయి. రెండో గుంపులో నాలుగే వచ్చాయి. 2012లో అయితే, ఆ పొడిచే ముక్కులో ఇనుమున్న కణాలు అయస్కాంతాన్ని పసిగట్టేవి కావని, అవి రక్షణ కణాలని తేలింది.

అలాగని వాసనే సర్వస్వం అని కాదు. తెలిసిన ఏరియాలోకి వచ్చాక పావురం కళ్ళతో గుర్తుపడుతుంది, రోడ్లనీ పట్టుకుని ఎగురుతుంది. వాసన దిక్కు చెప్పదు, పిట్టని ఊరికే ఉత్సాహపరుస్తుంది అని వాదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ వాదనకి ఫ్యాన్ ప్రయోగం గట్టి జవాబని నా అభిప్రాయం.

ఇక మీ గూడు సంగతి. జర్మనీలో వాల్‌రాఫ్ ఒక్కసారి కూడా బయట ఎగరనివ్వకుండా జాలీ గూట్లోనే పావురాలు పెంచాడు. గాలి తగిలేలా పెరిగినవి, దూరంగా వదిలితే ఇంటి దిక్కు తిరిగాయి. గాలికి అడ్డు కట్టి పెంచినవి తేల్చుకోలేకపోయాయి. కాబట్టి పైన వానకి రేకు వేయండి, కానీ నాలుగు పక్కలా ప్లాస్టిక్ షీట్ బిగించేయకండి. పిల్లలు పెరిగే మొదటి నెలల్లో ఆ గాలే వాటికి బడి. పెద్ద పిట్టని కొని తెచ్చి వెంటనే వదిలితే, అది అమ్మినవాళ్ళ ఇంటికే పోతుంది, దాని తప్పేం లేదు. ఇక ఫంక్షన్‌లో ఫోటో కోసం పంజరంలో పెరిగిన తెల్ల పావురాలని వదిలే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. వాటికి వెళ్ళడానికి ఇల్లంటూ ఒకటి ఉందా?

మీ దగ్గర పెరిగిన పావురం ఎంత దూరం నుంచి వచ్చిందో, గూడు ఎలాంటిదో కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటానండి.