లెక్కకు అందని ఖర్చు

(ఎల్లారెడ్డిలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఎల్లారెడ్డి నుండి చదువు కోసం కామారెడ్డికి వెళ్ళివచ్చే పిల్లల చేతుల్లో ఈనాడు నోట్లు అరుదు. టీ కొట్టు, జిరాక్సు దుకాణం, రీచార్జి అన్నీ ఫోనుతోనే సాగుతున్నాయి. 2016లో ఆరంభమైన యూపీఐ ద్వారా 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశంలో 2,000 కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి. ఈ సౌకర్యాన్ని మేము నిందించడం లేదు. గల్ఫ్‌లో చెమటోడ్చే తండ్రి ఇంటికి పంపిన సొమ్ము హాస్టల్లోని బిడ్డకు క్షణంలో అందుతోంది. స్కాలర్‌షిప్ నేరుగా విద్యార్థి ఖాతాలో జమ అవుతోంది. ఇది మేలే.

అయితే నోటు ఇచ్చేటప్పుడు జేబు తేలికవడం తెలిసేది. ఫోనులో అది తెలియదు. రోజుకు 40 రూపాయల చిల్లర ఖర్చు ఏడాదికి 14,600 రూపాయలు. ఆన్‌లైన్‌లో 1,500 రూపాయల వస్తువు 900కే వచ్చిందని సంతోషిస్తాము. అవసరం లేని వస్తువైతే 600 మిగిలినట్లు కాదు, 900 పోయినట్లు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ‘ఇప్పుడు కొనండి, తరువాత చెల్లించండి’ అనే పిలుపు. గడువు దాటితే జరిమానా, వడ్డీ తప్పవు. సూద్‌ను హరామ్‌గా ఎంచే మన ఇళ్ళలోకి అది ‘ఆఫర్’ అనే పేరుతో ప్రవేశిస్తోంది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పును వ్రాసిపెట్టుకోవడం గురించినదే. వ్రాయని అప్పు ఎంత దూరం తీసుకుపోతుందో ఆలోచించండి.

2020లో తక్షణ రుణ యాప్‌ల వేధింపులు భరించలేక మన రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఆ డిసెంబరులో పోలీసులు వాటి కార్యాలయాలపై దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది. రుణ యాప్ మన ఫోనులోని పరిచయస్తుల నంబర్లను, ఫొటోలను చూడరాదు. వడ్డీ, రుసుములన్నీ ముందే వ్రాసి ఇవ్వాలి. ఈ హక్కులు ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి. వేధింపు మొదలైతే దాచవద్దు. ఇంట్లో చెప్పండి, పోలీసులను ఆశ్రయించండి. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

తప్పంతా పిల్లలదే అనడం అన్యాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025లో ప్రైవేటు కళాశాలలే బంద్ పాటించాయి. రావలసిన సొమ్ము నెలల తరబడి రాకుంటే పేద విద్యార్థి అప్పు యాప్ వైపు చూడడా? పొదుపు నేర్పడం మన బాధ్యత, స్కాలర్‌షిప్ సకాలంలో చెల్లించడం ప్రభుత్వ బాధ్యత. రెండింటినీ కలిపే అడగాలి.

కచేరీల్లో పనిచేసిన మా వంటి గుమాస్తాలు నగదు పుస్తకం ముగించనిదే ఇల్లు చేరేవారు కాదు. ఫోను ఆ పుస్తకాన్ని తానే వ్రాసిపెడుతోంది. చదివేవారే కరువయ్యారు. కనుక మా విన్నపాలు మూడు.

మొదటిది, నెలకు ఒక సాయంత్రం తల్లిదండ్రులు, పిల్లలు కూర్చుని ఖాతా వివరాలను వరుసగా చదవాలి. అవసరం, అలవాటు, ఆడంబరం అని మూడు వరుసల్లో వ్రాయాలి. 2023 డిసెంబరు నుండి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. ఆ మిగిలిన చార్జీ ఏమైందో కూడా అప్పుడు తెలుస్తుంది.

రెండవది, ఫీజు సొమ్మును, చేతి ఖర్చును వేరు చేయాలి. యూపీఐ లైట్‌లో 5,000 రూపాయలకు మించి ఉంచలేము. చేతి ఖర్చుకు అది చాలు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ ద్వారా తల్లి తన ఖాతా నుండే బిడ్డ ఖర్చుకు నెలవారీ హద్దు పెట్టవచ్చు.

మూడవది, ఆన్‌లైన్‌లో నచ్చిన వస్తువును మూడు రోజులు ఆగి కొనాలి. అప్పటికీ అవసరమనిపిస్తేనే డబ్బు చెల్లించాలి.

లెక్క అడగడం అనుమానించడం కాదని తల్లిదండ్రులు పిల్లలకు తెలియజెప్పాలి. తమ లెక్క కూడా వారి ముందు పెట్టాలి. అప్పు చేసిన బిడ్డ భయపడక ఇంటికి వచ్చి చెప్పగలిగిన నాడు, ఏ యాప్ కూడా ఆ బిడ్డను బెదిరించలేదు.

ఖుదా హాఫిజ్.