పాపికొండలలో ఒక అన్వేషకుడు

ధ్రువప్రాంతమున కుక్కబండ్లపై పయనించి, 1921–24 సంవత్సరములలో ఇన్యూట్ జనుల గాథలను సేకరించినవాడు డెన్మార్కు అన్వేషకుడు రస్ముస్సెన్. మన పోలవరమునకు ఎగువనున్న పాపికొండలలో అట్టి కృషి చేసినవాడు హైమెన్‌డార్ఫ్. ఆయన 1909లో వియన్నాలో జన్మించెను. 1941లో కొండరెడ్ల పల్లెలలో మసలి, వారి పోడు సేద్యమును, కొలుపులను, కలప, వెదురు వర్తకుల చేత వారు పడిన కష్టములను వ్రాసికొనెను. 1945లో అది ఆంగ్లమున గ్రంథరూపము దాల్చెను. పిమ్మట నిజాం ప్రభుత్వమునకు గిరిజన విషయములలో సలహాదారుగా నుండెను. 1995లో గతించెను.

పోలవరం జలాశయము మూలమున నేడు కొండరెడ్ల పల్లెలు పెక్కు ముంపు పాలగుచున్నవి. పునరావాస కాలనీలకు తరలిన వృద్ధుల జ్ఞాపకములను, వారు జీవించి యుండగనే, వారి నోటనే విని మనము వ్రాసిపెట్టవలెను.