నవలలలో భయానక బీభత్సములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



దయ్యముల కథయన్న చెవి కోసికొనని వారరుదు. మన ఆలంకారికులు భయానకమును, బీభత్సమును నవరసములలో చేర్చిరి. ఇంగ్లండులో 1764లో హొరేస్ వాల్పోల్ రచించిన ‘ఒట్రాంటో దుర్గము’ వెలువడిన పిదప, పాడుపడిన కోటలు, సమాధులు, శాపములు గల కథలు ప్రబలెను. వానినే ‘గాథిక్’ నవలలందురు.

విక్టోరియా రాణి కాలమున చార్లెస్ డికెన్సు ఆ సామగ్రినంతయు గ్రహించి, 1860-61లో తన పత్రికయందు ప్రకటించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో దయ్యమును మాత్రము విడిచిపెట్టెను. పిప్ అను అనాథ బాలుడు తల్లిదండ్రుల సమాధియొద్ద నుండగా, కాలికి ఇనుప సంకెలతో నొక ఖైదీ సమాధుల నడుమనుండి లేచి, తిండియు ఆకురాయియు తేకున్న గుండెకాయ పెరికింతునని బెదరించును.

ఇంకొకచోట మిస్ హావిషామ్ గృహము. పెండ్లినాడు వరుడు వంచించెనన్న వార్త యందిన క్షణముననే, అనగా తొమ్మిదికి ఇరువది నిమిషముల ముందే, ఆమె గడియారములన్నియు ఆపివేసినది. నాటి పెండ్లి దుస్తులు ఏండ్లు గడచి వన్నె మాసినను విప్పలేదు. బల్లపై పెండ్లి కేకు సాలెగూళ్ల నడుమ క్రుళ్లుచున్నది. పెండ్లికూతురును, పెండ్లియిల్లును మనమెరిగినవే. ఎరిగినదే ఎరుగనిదై ఎదుట నిలుచుటచేత ఒడలు గగుర్పొడుచును.

ఈ భీతికి మూలమెవరు? కాంపేసన్ అను మోసగాడు. ఆమె సవతి తమ్మునితో కూడి ధనమునకై ఆమెను వంచించినవాడితడే. ఇతడే ఖైదీ మాగ్విచ్‌తో కలిసి నేరము చేసియు, పెద్దమనిషి వేషమువలన ఏడేండ్ల శిక్షతో బయటపడెను. మాగ్విచ్‌కు పదునాలుగేండ్లు పడినవి. కాని బాలుడు ఎవనిని చూచి వణికెనో, ఆ మాగ్విచ్చే తరువాత అతనిని రహస్యముగ పోషించిన ఉపకారి! భయపడదగినవాడు భయంకరుడుగ కనబడలేదు. భయంకరుడుగ కనబడినవాడు హృదయవంతుడు.

ఈ వివేకము మన నవలకును తొలినాడే అబ్బినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ యందు ప్రారంభమై, 1880లో గ్రంథరూపము దాల్చినది. గోల్డుస్మిత్తు నవల ఛాయ దీనిపై గలదు గాని, ఇందలి బ్రతుకు మన బ్రతుకే. మరణించినదని అందరును విలపించిన రుక్మిణి తిరిగి కనబడును. కాశిలో గతించెనని వార్త వచ్చిన ఆమె భర్తయు సజీవుడై వచ్చును. ఇందు మంత్రమహిమ యేమియు లేదు. పొరపాటైన వార్తయే కారణము. బంగారము చేసి యిత్తునన్న బైరాగి ఇంటనున్న బంగారమును హరించెను. భూతవైద్యము, జాతకములు మున్నగునవి జనుల భయమును, ఆశను పెట్టుబడిగా జేసికొన్న వ్యాపారములని పంతులుగారు చూపిరి.

ఇరువురి దారులు వేరు. పంతులుగారు భయమును నవ్వుగా మార్చిరి. డికెన్సు దానిని కరుణగా మార్చెను. హావిషామ్ దుస్తులకు నిప్పంటుకొన్నప్పుడు, తన చేతులు కాలుచున్నను పిప్ ఆమెను కాపాడెను. తన్ను బాధించిన ఆ వింత మూర్తిలో అతనికి చివరకు దుఃఖిత మానవియే కనబడినది.

ఈ చూపు మనకు పుస్తకమునకే పరిమితము కారాదు. బాణామతి, చేతబడి యను నెపములతో నిరపరాధులను హింసించిన ఘటనలు తెలంగాణ పల్లెలు ఎరుగనివి కావు. ఒంటరి వృద్ధురాలిని గూర్చి గుసగుసలు బయలుదేరినప్పుడు, ఈ కథ ఎవరు పుట్టించిరి, ఆమె యిల్లో పొలమో ఎవరికి కావలెను అని అడుగగలవాడొక్కడున్నను ఒక ప్రాణము నిలుచును. అట్టి పాఠకుని తయారుచేయుటయే గ్రంథాలయము చేయగల మేలు. దయ్యముల కథలు తనివితీర చదువుడు. కాని పుస్తకము మూసిన పిదప మనుష్యులలో దయ్యములను వెదకకుడని మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాను.