ఢిల్లీలో చట్టం, యాచారంలో భూమి: మన ప్రజాప్రతినిధిని ఏమని అడగాలె?

(ఇబ్రహీంపట్నంలో గిరిజన యువజనుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

మీ ఎంపీ ఏం చేసిండు, మీ ఎమ్మెల్యే ఏం చేసిండు అని తండాలో ఎవర్ని అడిగినా ఏమంటరు? సీసీ రోడ్డు ఏపిచ్చిండు, బోరు ఏపిచ్చిండు, పెండ్లికొచ్చిండు, సావుకొచ్చిండు అంటరు. రోడ్డు కావాలె, బోరు కావాలె, కాదనను. కానీ శాసనసభ్యుడంటే శాసనం చేసేవాడు. ఆయన చెయ్యెత్తిన చట్టం మన భూమిని ఏం చేసిందని అడిగే అలవాటు మనకింకా రాలేదు. ఈ రోజు ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

ముందు మనం ఎక్కడున్నమో చూసుకోవాలె. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. రంగారెడ్డి జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా అసలే లేదు. అంటే ఏజెన్సీలో ఉన్న 1/70 చట్టం ఇక్కడ లేదు. పెసా లేదు. గ్రామసభ ఒప్పుకోనిదే భూమి తీసుకోవద్దనే రక్షణ లేదు. రాష్ట్రంలో 119 అసెంబ్లీ స్థానాల్లో 12 ఎస్టీలకు రిజర్వు అయితే, వాటిలో ఒక్కటీ మన జిల్లాలో లేదు. కాబట్టి మైదాన ప్రాంత గిరిజనులకు మిగిలినవి దేశమంతటికీ వర్తించే సాధారణ చట్టాలే. ఆ చట్టాలు చేసే చోట మన తరఫున ఎవరు మాట్లాడుతున్నరన్నది ఏజెన్సీ వాళ్లకంటే మనకే ఎక్కువ ముఖ్యం.

ఒక చట్టం కథ చెప్తా. 1894 నాటి బ్రిటిషు భూసేకరణ చట్టాన్ని తీసేసి పార్లమెంటు 2013లో కొత్త చట్టం చేసింది. 2014 జనవరి 1 నుంచి అమలైంది. భూమి గుంజుకునే ముందు ఎవరి బతుకు ఏమైతదో లెక్కగట్టాలె, ఊళ్లో బహిరంగ విచారణ పెట్టాలె అన్నది. దాన్నే సామాజిక ప్రభావ అంచనా అంటరు. ప్రైవేటు కంపెనీ కోసమైతే బాధిత కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలె అన్నది. ఏడాది తిరగకముందే కేంద్రం ఆర్డినెన్సుతో దాన్ని సడలించబోయింది. దేశమంతా రైతులు లేచిండ్రు. 2015 ఆగస్టులో ఆర్డినెన్సు మురిగిపోయింది. మనం గెలిచినమనుకున్నం.

కానీ ఢిల్లీలో ఆగింది రాష్ట్రాల దారిలో వచ్చింది. 2016-17లో తెలంగాణ శాసనసభ ఆ చట్టానికి సవరణలు చేసింది, రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతుల లాంటి పనులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి దక్కింది. ఆ రోజు సభలో ఏం జరిగిందో ఏ తండాలోనైనా చర్చ జరిగిందా?

అదే కాలంలో యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో 19 వేల ఎకరాలకు పైగా ఫార్మా సిటీ కోసం ప్రతిపాదించిండ్రు. దాని వెనక 2011 నాటి జాతీయ తయారీ విధానం ఉంది. మేడిపల్లి, కుర్మిద్ద, నానక్‌నగర్, తాటిపర్తి రైతులు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు, హైకోర్టు దాకా పోయిండ్రు. ఇప్పుడు పేరు మారింది, ఫ్యూచర్ సిటీ అంటున్నరు. 7 మండలాల్లో 56 గ్రామాలు. అందులో మన మూడు మండలాలూ ఉన్నయి. జాతీయ విధానమంటే టీవీలో మాట్లాడేది కాదు మిత్రులారా, సర్వే రాయి మీద రాసుకుని మన చేన్లకు వచ్చేది.

మరి మన చేతిలో ఏముంది? ఉంది. 2013 చట్టంలో 41వ సెక్షన్ చదవండి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలను వెళ్లగొట్టే ప్రాజెక్టు ఏదైనా అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాలె. రెండో షెడ్యూల్ చూడండి. భూమి పోయిన ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అంత భూమి ఇయ్యాలె. ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమి సాగు చేసుకునే కుటుంబం కూడా చట్టం ప్రకారం బాధిత కుటుంబమే. ‘నీకు పట్టా లేదు, నీకేం రాదు’ అంటే నమ్మకండి. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే ముందు, ఈ హక్కులు వదులుకుంటున్నమా అని రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు ప్రజాప్రతినిధుల సంగతి. మన ఇబ్రహీంపట్నం భువనగిరి లోక్‌సభ కిందికి వస్తది. 2024లో చామల కిరణ్‌కుమార్ రెడ్డి గారు ఎంపీగా గెలిచిండ్రు. 2023లో మల్‌రెడ్డి రంగారెడ్డి గారు ఎమ్మెల్యే అయిండ్రు. నేను వాళ్లను పొగడనూ, తిట్టనూ. పార్టీ ఏదైనా అడగాల్సినవి ఇవే:

ఒకటి, పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం ఉంది, జీరో అవర్ ఉంది, 377 నిబంధన ఉంది. మైదాన ప్రాంత గిరిజనుల భూమి మీద ఎన్ని ప్రశ్నలు వేసిండ్రు? ప్రశ్నలు, జవాబులు పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటయి, ఫోన్‌లోనే చూడొచ్చు.

రెండు, ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. మార్గదర్శకాల ప్రకారం 7.5 శాతం, అంటే 37 లక్షల 50 వేలు, ఎస్టీలుండే చోట పెట్టాలె. ఏ తండాలో పెట్టిండ్రు?

మూడు, ఎమ్మెల్యే గారూ, 2017 భూసేకరణ సవరణ మీద మీ మాటేంది? తిరగదోడమని సభలో అడుగుతరా?

అడిగితే అయితదా అంటరేమో. 2014 విభజన చట్టంలో రాసిన గిరిజన విశ్వవిద్యాలయం ములుగుకు రావడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. అడుగుతనే ఉండబట్టి వచ్చింది. 2024 నవంబరులో లగచర్ల, రోటిబండ తండా ఆడవాళ్లు ఢిల్లీకి పోయి జాతీయ ఎస్టీ కమిషన్ తలుపు కొట్టిండ్రు. ఆ నెలాఖరుకే ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి పోయింది. వెంటనే పారిశ్రామిక పార్కు పేరుతో ఇంకోటి వచ్చింది. అందుకే ఒక్కసారి అడిగి ఇంటికి పోతే సరిపోదు.

2018 చట్టంతో మన తండాలు పంచాయతీలైనయి. రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలె. వచ్చే గ్రామసభలో ఈ మూడు ప్రశ్నలను తీర్మానంగా రాయించండి, ముద్ర వేయించండి, ఎంపీ, ఎమ్మెల్యేలకు ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే దాన్నే తండాలో చదివి వినిపించండి. ఓటు ఐదేండ్లకొకసారి, ప్రశ్న మాత్రం రెండు నెలలకోసారి.

జల్, జంగల్, జమీన్ మనవి. జోహార్!