తత్త్వవిచారమునకు తొలిమెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున తత్త్వశాస్త్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. నేను గురుకులమున శాస్త్రము చదివినవాడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాయుచు, రాత్రులు నిఘంటువును దగ్గఱ నుంచుకొని చదువుకొన్నవాడను. కావున పండితులకు చెప్పదగినది నాయొద్ద నేమియు లేదు. క్రొత్తగా చదువదలచినవారికి దారి యెక్కడ మొదలగునో మాత్రము విన్నవింతును.

తత్త్వమనగానే మనలో ననేకులు బ్రహ్మము, మాయ, మోక్షము అను పెద్దమాటలతో ప్రారంభింతురు. నాలుగు పుటలు తిరుగకముందే తల తిరిగి, "ఇది మనబోంట్లకు కాదు" అని గ్రంథమును మరల బీరువాలో పెట్టుదురు. వారి బుద్ధిలో లోపము లేదు; తొలిమెట్టు విడిచి పదియవ మెట్టుపై కాలు మోపిరి, అంతియే. తొలిమెట్టు ఒక చిన్న ప్రశ్న: "ఇది నిజమని నీకెట్లు తెలిసినది?" దీనినే మన పూర్వులు ప్రమాణవిచార మనిరి.

రైతులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండు పొలముల నడిమి గట్టును గూర్చి తగవు వచ్చినదనుకొందము. ఒకడు "హద్దురాయిని నా కన్నులతో చూచితిని" అనును. ఇది ప్రత్యక్షము. వేఱొకడు "ముదురు తాళ్ళు వరుసగా నున్నవి, కావున పాతగట్టు ఇక్కడనే యుండెను" అనును. ఇది అనుమానము. శాస్త్రమున అనుమానమనగా సందేహము కాదు. కనబడు గుర్తును బట్టి కనబడనిదానిని తెలిసికొనుట. మూడవవాడు పెద్దల మాటను, దస్తావేజును చూపును. ఇది శబ్దము. ఇక నాలుగవది ఉపమానము. గవయమను అడవిమృగము ఆవును పోలియుండునని విన్నవాడు అడవిలో అట్టి జంతువును చూచి, "గవయమనగా నిదియే" అని గుర్తించును. గౌతముని న్యాయసూత్రములు ఈ నాలుగింటిని ప్రమాణములుగా నంగీకరించినవి.

ప్రమాణములెన్ని యను లెక్కలోనే దర్శనములు వేఱువేఱు దారులు పట్టినవి. చార్వాకులు ప్రత్యక్షమొక్కటియే యనిరి. వైశేషికులును బౌద్ధులును రెండనిరి. సాంఖ్యులు మూడు, నైయాయికులు నాలుగు, ప్రాభాకరులు ఐదు, భాట్టమీమాంసకులును అద్వైతులును ఆఱు అనిరి. పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నచో రాత్రి భుజించుచుండునని యూహించుట అర్థాపత్తి. వెదకినను కనబడనందున కుండ ఇక్కడ లేదని తెలియుట అనుపలబ్ధి. ఇవి ఐదవది, ఆఱవది. ఈ లెక్క తెలిసినవాడు ఏ దర్శనగ్రంథము తెఱచినను దారి తప్పడు.

అనుమానమును గూర్చి ఇంకొక మాట. కొండమీద పొగ కనబడినచో నిప్పున్నదని చెప్పుట యుక్తము. వంటయింటిలో ఆ రెంటిని కలిసి చూచియున్నాము. ఆ మాటనే తిరుగవేసి "నిప్పున్నచోట నెల్ల పొగ యుండును" అనిన చెల్లదు. కమ్మరి కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. పొగ రావలెనన్న పచ్చికట్టె కూడ కావలెను. ఈ దాగియున్న షరతును శాస్త్రకారులు ఉపాధి యనిరి.

ఇది పండితుల వినోదమని తలపవలదు. "ఆమె మన వాకిట నిలిచిన మఱునాడే దూడ చచ్చినది, కావున చేతబడి చేసినది" అని పలుకుట వినియే యుందురు. ఒకదాని వెనుక నొకటి వచ్చినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణమగునా? ఆమె నిలువని వాకిళ్ళలో దూడలు చావలేదా? నిలిచిన ఇతర వాకిళ్ళలో బ్రదికియుండలేదా? ఈ రెండు ప్రశ్నలు అడుగువారు లేక తెలుగునాట నిర్భాగ్యులెందఱో దెబ్బలు తినిరి. కొందఱు ప్రాణములే కోల్పోయిరి. తర్కము నేర్చినవాడొక్కడు ఆ గుంపులో నిలిచి నోరు విప్పినచో ఒక ప్రాణము నిలువవచ్చును. శాస్త్రమునకు ఇంతకంటె ప్రయోజనమేమి కావలెను?

శబ్దప్రమాణమునకు వత్తము. ఎవరి మాట నమ్మదగినది? ఆప్తుని మాట. ఆప్తుడెవడు? విషయమును స్వయముగా నెఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమని న్యాయభాష్యమున వాత్స్యాయనుడు స్పష్టముగా చెప్పినాడు. పుట్టుకను బట్టియు, గద్దెను బట్టియు ఆప్తత్వము రాదు. పశువు రోగమును గూర్చి పసులకాపరి మాట ఆప్తవాక్యము. చేనిలో పంటను గూర్చి దున్నినవాని మాట, నేను వ్రాయు అడంగలు కంటె ముందుమాట.

మీలో నొకరు అడుగవచ్చును: "ప్రమాణము అన్నింటిని నిర్ణయించును సరే, ప్రమాణమును నిర్ణయించున దేది?" చక్కని ప్రశ్న. బౌద్ధాచార్యుడైన నాగార్జునుడు విగ్రహవ్యావర్తని యను గ్రంథమున దీనినే గట్టిగా నడిగెను. న్యాయసూత్రములలో దీనికొక సమాధానము త్రాసును బట్టి చెప్పబడినది. త్రాసు బంగారమును తూచును. దానిపై సందేహము కలిగినపుడు, తూకము తెలిసిన బంగారముతో ఆ త్రాసునే పరీక్షింతుము. ఒకప్పుడు కొలుచునది, మఱియొకప్పుడు కొలువబడునది యగుటలో విరోధము లేదు. ఈ సమాధానము చాలునా, చాలదా? నేను తీర్పు చెప్పను. రెండు పక్షములను మనస్సులో నిలుపుకొని కొన్ని దినములు నడచుటయే తత్త్వవిద్యాభ్యాసము.

ఇక మన పఠనమందిరమునకు పనికివచ్చు మాట. గౌతముడు లెక్కించిన 16 పదార్థములలో వాదము, జల్పము, వితండ అను మూడును కలవు. నిజము తెలియగోరి చేయునది వాదము. గెలుపుకొఱకు చేయునది జల్పము. తనకొక పక్షము లేక, ఎదుటివాని పక్షమును పడగొట్టుటకే చేయునది వితండ. ఛలమని యింకొకటి కలదు. "ఇతనియొద్ద నవకంబళ మున్నది" అని యొకడనగా, "తొమ్మిది కంబళ్ళెక్కడివి? ఒకటియే కదా!" అని రెండవవాడు ఎదురాడెనట. నవ యనగా క్రొత్తదియు, తొమ్మిదియు. చెప్పినవాని భావము తెలిసియు మాటను పట్టుకొని యీడ్చుటయే ఛలము. నేడు మన అరుగులమీద వినబడునవి వీనిలో నేవియో మీరే లెక్క చూచుకొనుడు.

ఏ పుస్తకముతో మొదలిడవలెను? అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహముతో. ఆయన తెలుగువాడని పండితులందురు. కాలము 17వ శతాబ్ది. కాశికి పోయినంత మాత్రమున అందఱును అన్నంభట్టులు కాజాలరని లోకమున నానుడి కలదు. ఈ చిన్న పుస్తకము బాలుర కొఱకు వ్రాయబడినది. బాలుడనగా పాలుద్రావు శిశువు కాదనియు, గ్రహించి నిలుపుకొనగలవాడనియు వ్యాఖ్యానము. కావున తల నెరసినవారును నిస్సంకోచముగా బాలురు కావచ్చును! తెలుగు తాత్పర్యముతోడి ప్రతులు కలవు. అటుపిమ్మట 14వ శతాబ్దికి చెందిన మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహము చూడవలెను. అది చార్వాకమతముతో ఆరంభమై, ఒక్కొక్క దర్శనము తన మాటను తాను చెప్పుకొన్నట్లు నడచును.

చదువు విధము లెక్కలవాని విధముగనే చెప్పెదను. ఒక నోటుపుస్తకమున పుటను నిలువుగా రెండు భాగములు చేయుడు. జమవైపున గ్రంథకర్త చెప్పిన మాటను, దానికిచ్చిన హేతువును వ్రాయుడు. ఖర్చువైపున మీకు తోచిన ఆక్షేపణను వ్రాయుడు. దినమునకు ఒక్క పుట చాలును. ఇద్దఱు కలిసి చదువుట మేలు. ఒకరు పూర్వపక్షమును, ఒకరు సిద్ధాంతమును చెప్పి, మఱునాడు పక్షములు మార్చుకొనవలెను. ఎదుటివాని మాటను వాడు మెచ్చునట్లు చెప్పగలిగిన పిదపనే ఖండింపబూనవలెను.

రాబోవు దినములలో ఈ మందిరమున వారమునకొక సాయంకాలము అట్టి వాదమునకై కేటాయింపుడని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. జ్ఞానము పుస్తకములలో నున్నను, "ఎట్లు తెలిసినది?" అని అడుగు నోళ్ళు ఊరిలో నుండవలెను గదా! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ చూచుగాక యని కోరుచున్నాను.