పాత జీపులో ఆ 'టక్' ఎక్కడిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడిలో చదివినవాళ్ళు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. నేను వర్క్‌షాపు పెట్టుకున్నాను. "నీ పని గురించే ఒక పది నిమిషాలు మాట్లాడు" అన్నారు కార్యదర్శి గారు. రిటైరయ్యాక ముచ్చటపడి పాత మహీంద్రా ఫోర్‌వీల్ జీపు కొన్నవాళ్ళు ఈ హాల్లోనే నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళంతా నాకు ఫోన్ చేసేది ఒకే సంగతికి: "క్లచ్ వదలగానే కింద టక్ మంటోందిరా, ఏమిటది?"

ఇంజను బలం వెనక చక్రాన్ని చేరాలంటే గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు చివరలా ఉండే క్రాసులు, మధ్యలో స్లిప్ జాయింటు, ఆ తర్వాత క్రౌన్–పినియన్, చివరికి యాక్సిల్ పళ్ళు, ఇన్ని దాటాలి. కొత్త బండిలో కూడా గేరు పళ్ళ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంటుంది. అది లేకపోతే నూనె నిలవదు, పళ్ళు పట్టేస్తాయి. ముప్పై నలభై ఏళ్ళు తిరిగిన బండిలో అన్నిచోట్లా ఆట పెరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఆ ఖాళీలన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి. మనకు వినిపించే టక్ అదే. కాబట్టి ఎక్కడ ఆట ఉందని వెతకకూడదు, ఎవరి వాటా ఎక్కువో చూడాలి. చెవిని నమ్మి లాభం లేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ లోపల డొల్ల, వెనక పుట్టిన చప్పుడు సీటు కింద మోగుతుంది.

మన మిత్రుడొకడి జీపుకి ఒకచోట క్రౌన్–పినియన్ పోయిందని చెప్పి వేలల్లో లెక్క రాసిచ్చారు. షాఫ్ట్‌ని చేత్తో తిప్పి, "చూడండి ఎంత ఆడుతోందో" అని చూపించారట. అది చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. కానీ పాత జీపుల్లో క్రౌన్–పినియన్ నిష్పత్తి సుమారు 5. అంటే రెండు యాక్సిళ్ళ దగ్గరా ఒక్కో డిగ్రీ ఆట ఉన్నా, షాఫ్ట్ దగ్గర అది 5 డిగ్రీలుగా కనిపిస్తుంది. నేను చూసేసరికి వెనక క్రాస్ కప్పుల చుట్టూ తుప్పు రంగు పొడి ఉంది. గ్రీజు ఎండిపోయి లోపలి సూదుల బేరింగు అరిగిందని దానర్థం. రెండు క్రాసులూ మార్చాం. చప్పుడు ముప్పాతిక వంతు పోయింది. మిగతా పావు వంతు ఉండనిమ్మన్నాను, ఆ వయసు బండికి అది జబ్బు కాదు.

క్రాస్‌ని మాత్రం అలా వదలకూడదు. విల్లీస్ వంశపు పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక, షాఫ్ట్ మొదట్లో ఒక డ్రమ్ము ఉంటుంది, అది పట్టుకునేది షాఫ్ట్‌ని. పాడేరు ఘాట్‌లాంటి చోట టూవీల్‌లో దిగుతుండగా వెనక క్రాస్ విరిగిందనుకోండి, గేరు పట్టు, హ్యాండ్‌బ్రేకు రెండూ ఒకేసారి పోతాయి. మిగిలేది కాలి బ్రేకు ఒక్కటే. షాఫ్ట్ బోల్టులు విప్పినా ఇదే పరిస్థితి. అందుకే చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టకుండా ఎవర్నీ కిందకి దూరనివ్వను.

ఇక చూసే పద్ధతి. బండి చదునుగా ఉండాలి, ఇంజను ఆపాలి, గేరు న్యూట్రల్, లివరు టూవీల్‌లో. హ్యాండ్‌బ్రేకు లాగి షాఫ్ట్‌ని అటూ ఇటూ తిప్పండి. డ్రమ్ము కదలకుండా షాఫ్ట్ కదిలితే ముందు క్రాస్‌దో, స్లిప్ జాయింటుదో ఆట. రాళ్ళు ఉన్నాయని మరోసారి చూసుకుని హ్యాండ్‌బ్రేకు వదిలి మళ్ళీ తిప్పండి. పినియన్ ఫ్లాంజి కదలకముందే షాఫ్ట్ కదిలితే వెనక క్రాస్. రెండూ కలిసి కదిలితే ఆ ఆట హౌసింగ్ లోపలిది. అప్పుడు ఫ్లాంజిని పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. తిరిగే ఆట కొంత భరించవచ్చు, పైకీ కిందకీ ఏ కొంచెం ఆడినా పినియన్ బేరింగు పని చూడాల్సిందే.

వీటిలో ఏదీ కాకపోతే ఇంజను మౌంటింగులు, కమాను కట్టల యూ బోల్టులు చూడండి. ఇక బండి ఆగేటప్పుడు మాత్రమే దబ్ మంటే స్లిప్ జాయింటుకి గ్రీజు కొట్టి చూడండి, చాలాసార్లు అంతటితో పోతుంది. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి తిరిగేవాళ్ళకి ఇంకో చప్పుడు వస్తుంది. ముందు, వెనక చక్రాలు మలుపుల్లో ఒకే దూరం తిరగవు కాబట్టి షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి, లివరు రాదు. కాస్త రివర్సు తీస్తే వదులుతుంది.

ఫిజిక్స్ మాస్టారు ముందు వరసలో ఉన్నారు గనుక ఒక్క మాట. క్రాస్ వంగి తిరిగేటప్పుడు ఇవతల వేగం సమానంగా ఉన్నా, అవతల వేగం ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాస్ దాన్ని సరిచేయాలంటే షాఫ్ట్ రెండు చివర్ల యోకులూ ఒకే వరసలో ఉండాలి. స్లిప్ జాయింటు లాగే ముందు రెండు ముక్కల మీదా పెయింటుతో ఒక గీత పెట్టండి. ఒక పన్ను తప్పి బిగించినా, టక్ పోయి వణుకు వస్తుంది.

భోజనాలయ్యాక వేపచెట్టు కింద ఉన్న జీపు దగ్గరికి రండి, చేత్తో తిప్పి చూపిస్తాను. రాళ్ళు ఇప్పటికే తెప్పించి పెట్టాను. తెల్లచొక్కాల వాళ్ళు కాస్త దూరంగా నిలబడండి.